మాస్కో మీద నెట్టేసిన నేరం

గోర్బచేవ్ సంస్కరణలు మొదలుపెట్టాడు, సోవియట్ యూనియన్ కూలింది, దాంతో కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టులు కనుమరుగయ్యారు. ఉయ్యూరు సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ మాటే, విజయవాడలో సంతాప సభకు పోయినా ఈ మాటే. విశేషమేమిటంటే, కమ్యూనిజమంటే గిట్టనివాడూ, జీవితమంతా ఎర్రజెండా మోసినవాడూ ఇద్దరూ ఇదే చెబుతారు. మొదటివాడికి ఇది సిద్ధాంతం చచ్చిందనడానికి రుజువు. రెండోవాడికి తప్పు తనది కాదనడానికి సాకు. ఇద్దరికీ అక్కరకొచ్చే మాట కాబట్టే ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరూ నిలదీయలేదు. పాఠకులారా, మనం నిలదీద్దాం. తీర్పు మీరే చెప్పండి.

ముందు సంవత్సరాలు చూడండి. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 300 స్థానాల్లో కమ్యూనిస్టు పార్టీ 51 గెలిచింది. 1967లో సీపీఐకి 11, సీపీఎంకు 9 వచ్చాయి. 1972లో సీపీఐకి 7, సీపీఎంకు ఒకే ఒక్కటి. యాభై ఒకటి నుంచి ఎనిమిదికి పడిపోవడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో మాస్కోలో ఏం కూలింది? ఏమీ కూలలేదు. 1972లో అక్కడ బ్రెజ్నెవ్ ఏలుతున్నాడు. ఇండియాకూ సోవియట్ యూనియన్‌కూ మైత్రీ ఒప్పందం కుదిరి ఏడాది కూడా కాలేదు. గోర్బచేవ్ అప్పటికి స్తావ్రొపోల్ ప్రాంతపు పార్టీ కార్యదర్శి. ఆయన పేరు మన జిల్లాలో ఎంతమందికి తెలుసు? సోవియట్ బలం నిండుగా ఉన్న రోజుల్లోనే మన దగ్గర ఎర్రజెండా ఒరిగింది. 1991లో జరిగినది 1972 ఓటమికి కారణమని చెప్పేవాడికి క్యాలెండర్ చదవడం వచ్చా?

ఇక సోవియట్ పతనం తరువాత ఏం జరిగింది? 1991 డిసెంబర్ 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు. దాదాపు మూడేళ్ళకు, 1994 డిసెంబర్ ఎన్నికల్లో, సీపీఐ 19, సీపీఎం 15 స్థానాలు గెలిచాయి. మొత్తం 34. 1962 తరువాత ఈ రాష్ట్రంలో కమ్యూనిస్టులకు అంతమంది ఎమ్మెల్యేలు ఎప్పుడూ లేరు. మాస్కోలో జెండా దించేసిన మూడేళ్ళకు ఇక్కడ ముప్పై రెండేళ్ళలో రానన్ని సీట్లు వచ్చాయంటే, చంపినవాడు గోర్బచేవ్ ఎలా అవుతాడు?

"అది తెలుగుదేశం పొత్తు పుణ్యం" అని వెంటనే అంటారు. కాదని ఎవరన్నారు? 1985లోనూ అంతే: పొత్తు ఉంది, ఇద్దరికీ కలిపి 23 వచ్చాయి. 1999లో పొత్తు లేదు, రెండే మిగిలాయి. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు కుదిరింది, 15కు చేరారు. ఆ ఏడాది మన ఉయ్యూరు పక్కనున్న నిడుమోలులో సీపీఎం గెలిచింది, విజయవాడ పశ్చిమలో సీపీఐ గెలిచింది. ఇదంతా ఒప్పుకున్నవాడు తన మొదటి మాటను తానే కొట్టేసుకున్నట్టు. సీట్లు పెరిగినా తరిగినా కారణం హైదరాబాద్‌లో కుదిరిన బేరమే అయితే, దాంట్లోకి క్రెమ్లిన్‌ను ఎందుకు లాగుతారు?

సంస్కరణే సోవియట్‌ను చంపిందన్న మాట మాస్కో విషయంలోనైనా నిజమా? పాత కామ్రేడ్లలో చాలామందికి ఇది వేదవాక్కు. గోర్బచేవ్ నోరు కట్టేసి ఉంటే అంతా బాగుండేదని వాళ్ళ గట్టి నమ్మకం. 1991 మార్చి 17న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ సంగతి వీళ్ళు ఎప్పుడూ ఎత్తరు. ఆరు రిపబ్లిక్కులు దూరంగా ఉన్నాయి, నిజమే. మిగిలినచోట్ల ఓటు వేసినవారిలో నాలుగింట మూడు వంతుల మంది యూనియన్ ఉండాలన్నారు. అధికారాలు పంచుకుంటూ కలిసి ఉండటానికి కొత్త ఒప్పందం సిద్ధమైంది. ఆగస్టు 20న సంతకాలు కావాలి. 18, 19 తేదీల్లో ఏం జరిగింది? సంస్కరణ అంటే గిట్టని ఉపాధ్యక్షుడు యనాయెవ్, కేజీబీ అధిపతి క్రుచ్‌కోవ్, రక్షణ మంత్రి యాజోవ్ కలిసి గోర్బచేవ్‌ను క్రిమియాలో నిర్బంధించి మాస్కో వీధుల్లోకి ట్యాంకులు పంపారు. మూడు రోజుల్లో ఆ కుట్ర చతికిలబడింది. 24న ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అదే రోజు గోర్బచేవ్ పార్టీ ప్రధాన కార్యదర్శి పదవి వదిలేశాడు. నవంబర్‌లో రష్యా గడ్డ మీద కమ్యూనిస్టు పార్టీనే నిషేధించారు. సంతకాలకు ముందురోజు ఇంటికి నిప్పు పెట్టింది ఎవరు? సంస్కర్తా, సంస్కరణను ఆపాలనుకున్నవాడా? పెరిస్ట్రోయికా అనే ఆ సంస్కరణలో లోపాలు లేవని నేననను. దుకాణాల ముందు క్యూలు పెరిగాయి, రూబుల్ విలువ పడిపోయింది, గోర్బచేవ్ ఆర్థిక నిర్ణయాలు ఒకదానికొకటి పొసగలేదు. కానీ డెబ్భై ఏళ్ళు జనం ఓటుకు నిలబడని పార్టీని 1989లో మొదటిసారి నిజమైన పోటీలో నిలబెట్టడం నేరమెలా అవుతుంది? పోటీకి తట్టుకోలేకపోవడం పోటీ పెట్టినవాడి తప్పా?

మాస్కో పతనం వల్ల మన దగ్గర నిజంగా ఆగిపోయినవి కొన్ని ఉన్నాయి. ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణాలయాల నుంచి వచ్చే చవక తెలుగు పుస్తకాలు ఆగాయి. సోవియట్ భూమి పత్రిక ఆగింది. గోర్కీని, చెహోవ్‌ను, పిల్లల బొమ్మల పుస్తకాలను విశాలాంధ్ర పుస్తకాల షాపులో నాలుగు రూపాయలు పెట్టి కొనుక్కున్న తరానికి అది పెద్ద లోటే. ఆ లోటు సాహిత్యానిది. దాన్ని ఎన్నికల ఓటమికి లెక్క కట్టకూడదు.

బెంగాల్ వైపు చూద్దాం. సోవియట్ పోయాక వామపక్ష ఫ్రంట్ అక్కడ వరసగా మూడు ఎన్నికలు గెలిచింది: 1996, 2001, 2006. చివరిదాంట్లో 294 స్థానాలకు 235. మాస్కో పతనం సోకి ఉంటే ఇదెలా సాధ్యం? మరి 2011లో ఎందుకు పోయింది? 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి 14 లక్షల పైచిలుకు కౌలుదారుల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించిన ప్రభుత్వమే సింగూరులో కార్ల ఫ్యాక్టరీ కోసం రైతు ఇష్టం లేకుండా భూమి తీసుకుంది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో దాని పోలీసులు 14 మందిని కాల్చి చంపారు. ఏ భూమి మీద నిలిచిందో ఆ భూమి మీదే పడింది. కేరళలో 2021లో వరసగా రెండోసారి గెలిచిన వామపక్షానికి మాస్కో అండ ఏమైనా ఉందా?

"గోర్బచేవ్ కాకపోతే ఎన్టీఆర్ మింగేశాడు" అంటారు ఇంకొందరు. తెలుగుదేశం పుట్టింది 1982 మార్చి 29న. మన ఎనిమిది సీట్ల ఏడాది 1972. పదేళ్ళ తరువాత పుట్టిన పార్టీ అంతకుముందే చిక్కిపోయినదాన్ని మింగిందనడం ఏం లెక్క? నిజానికి ఎన్టీఆర్ చేసినది వేరు. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చాడు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేశాడు. మండలాలు పెట్టాడు. ఊళ్ళో కరణం దస్త్రానికి బెదిరి బతికిన కూలివాడికి ఇవి కమ్యూనిస్టులు చెయ్యవలసిన పనులుగానే కనిపించాయి. ఆయన చేశాడు. వీళ్ళు బయట నిలబడి బలపరిచారు. ఓటు ఎవరికి వెయ్యాలని ఆ కూలివాణ్ణి అడుగుతారా?

మూడో కథ 1955 ఎన్నిక. "పత్రికలు దుష్ప్రచారం చేశాయి, జనం భయపడ్డారు, అప్పుడే అయిపోయింది" అంటారు. 1952లో ఆంధ్ర ప్రాంతంలో నలభై దాకా స్థానాలున్న పార్టీకి 1955లో 196 స్థానాల్లో 15 మాత్రమే వచ్చాయి. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. ఓట్ల మాట చెప్పరు. 1955లో పార్టీకి 31 శాతం ఓట్లు వచ్చాయి. 1952లో వచ్చినదానికంటే ఎక్కువ. తేడా ఎక్కడొచ్చింది? 1952లో కాంగ్రెస్, ప్రకాశం గారి వర్గం, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ తలొక దిక్కున పోటీ చేశాయి. 1955లో అందరూ ఏకమై ముఖాముఖి నిలబడ్డారు. ఇది కూడికలు తీసివేతలు వచ్చిన పిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. మాస్కో నిజంగానే ఆంధ్ర కమ్యూనిస్టులను ఒకసారి దెబ్బ తీసింది. అది 1991లో కాదు. 1955 జనవరి 26న, సరిగ్గా ఎన్నికల ముందు, ప్రావ్దా పత్రిక నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని ఊరూరా చూపించింది. అప్పుడు సోవియట్ బలంగా ఉంది, గోర్బచేవ్ ఎవరికీ తెలియదు. అయినా ఓట్లు తగ్గలేదని ఇంతకుముందే చూశాం.

అణచివేతకూ ఈ పార్టీ లొంగలేదు. ఉయ్యూరు పక్కనే కాటూరు ఉంది. 1949లో మలబార్ స్పెషల్ పోలీసులు ఆ ఊళ్ళోనూ, యలమర్రులోనూ మగవాళ్ళ బట్టలూడదీయించి గాంధీ విగ్రహం చుట్టూ నడిపించారు. ఆ అవమానాన్ని మరిచిపోయి మాట్లాడేవాడు ఈ జిల్లా చరిత్ర గురించి నోరెత్తకూడదు. ఆ తరువాత మూడేళ్ళకే ఇదే జిల్లా కమ్యూనిస్టులను గెలిపించి పంపింది. పోలీసు లాఠీతోనూ చావనిది, ప్రావ్దాతోనూ చావనిది, మరి దేనితో చిక్కింది?

తెనాలి అంటే ఏం గుర్తొస్తుంది? 1964 జూలైలో పార్టీ చీలికకు అక్కడే సదస్సు జరిగింది. మూడేళ్ళు తిరక్కుండా, 1967లో, సుందరయ్య గారి పార్టీ సీపీఎం, చండ్ర రాజేశ్వరరావు గారి పార్టీ సీపీఐ అనేక చోట్ల ఒకరి మీద ఒకరు అభ్యర్థులను పెట్టుకున్నాయి. రెండూ కలిపితే 15 శాతం పైన ఓట్లు. గెలిచినవి ఇరవై. 1968లో తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు సీపీఎం నుంచి బయటికి వచ్చారు. ఈ రాష్ట్రంలో కార్యకర్తల్లో అధిక భాగం వాళ్ళ వెంటే పోయింది. శ్రీకాకుళం కొండల్లో సాయుధ పోరాటం నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో హతమయ్యారు. ఇటు సీపీఐ ఇందిరా కాంగ్రెస్ పక్కన చేరి, చివరికి ఎమర్జెన్సీనే సమర్థించింది. అది తప్పని 1978లో భటిండాలో ఒప్పుకుంది. గోర్బచేవ్ పదవిలోకి వచ్చింది 1985లో. అంతకు పదిహేడేళ్ళ ముందే ఇల్లు మూడు ముక్కలైంది. ముక్కలు చేసింది ఇక్కడివాళ్ళే.

చీలిక ఒక్కటే అయితే ఎప్పుడో అతికేది. అసలు కారణం నేల మీద ఉంది. ఈ ప్రాంతం వాళ్ళు దాన్ని చూసి కూడా చూడనట్టు ఊరుకోవడమే నాకు మింగుడుపడని విషయం.

చల్లపల్లి ఎస్టేటు మీద పోరాడినవాళ్ళెవరు? జమీందారుకు కౌలు కట్టలేక, దివి తాలూకా చేలలో బెదిరింపుల మధ్య సాగు చేసుకున్న రైతులు. వాళ్ళ వెనక నిలబడింది కమ్యూనిస్టు పార్టీ. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. సాగులో ఉన్న రైతుల్లో చాలామందికి పట్టాలొచ్చాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది, కాలవలకు నీళ్ళు ఖాయమయ్యాయి. కొత్త వంగడాలు, ఎరువులు వచ్చాయి. ఉయ్యూరు, లక్ష్మీపురం చక్కెర మిల్లులకు చెరుకు తోలారు. పిల్లలు గుడ్లవల్లేరులోనూ, విజయవాడలోనూ చదువుకున్నారు, హైదరాబాద్ వెళ్ళారు, అమెరికా వెళ్ళారు. ఇదంతా మంచిదే. ఒక ఉద్యమం గెలిస్తే జరగవలసిందే ఇది. కానీ గెలిచిన రైతు పొలం నుంచి వెళ్ళిపోయాక ఆ పొలంలోకి దిగినవాడెవరు? మళ్ళీ కౌలుదారే. ఈసారి అతను ఎక్కువగా మాల మాదిగల నుంచి, వెనకబడిన కులాల నుంచి వచ్చాడు. నిన్న జమీందారు ముందు నిలబడిన కౌలుదారు కొడుకు ఇవాళ కౌలు వసూలు చేసే యజమాని.

ఇక్కడ పార్టీ ఎవరి పక్కన నిలబడాలి? తండ్రి పక్కన నిలబడిన న్యాయం ప్రకారం చూస్తే, ఇవాళ కొడుకుకు ఎదురుగా నిలబడాలి. ఆ పని గట్టిగా చెయ్యలేదు. పాత కార్యకర్త ఇంట్లోనే పొలం కౌలుకిచ్చి ఉంటే, కౌలు తగ్గించమని ఆ ఇంటి ముందు జెండా పాతేదెవరు? బంధువును, పార్టీ చందాదారును, ఊరి పెద్దను కష్టపెట్టలేక తలవంచుకున్నారు. ఇది కులం లెక్క మాత్రమే కాదు. సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ 1956లో ఆంధ్ర కమ్యూనిస్టుల కథ మొత్తాన్ని కులంతో విప్పబోయాడు. మనవాళ్ళు ఇప్పటికీ ఆయన్నే వల్లిస్తారు. 31 శాతం ఓట్లు ఒక్క కులం ఇంట్లోంచి వస్తాయా? తనకున్న భూమిని పంచిపెట్టి, పేరు చివరి కులాన్ని తీసేసిన సుందరయ్య గారిని కులనాయకుడని అనగలరా? కులం ఉంది. దానికంటే బలమైనది, భూమి చేతులు మారినప్పుడు పార్టీ పాతచేతిని వదలలేకపోవడం.

"భూమి సమస్య ఇప్పుడెక్కడుంది?" అని అడిగేవాళ్ళు దయచేసి కంకిపాడు నుంచి పామర్రు దాకా ఏ చేలోనైనా దిగి, ఇది ఎవరి చేను, ఎవరు దున్నుతున్నారు అని రెండు ప్రశ్నలు వెయ్యండి. రెండింటికీ ఒకే పేరు అరుదుగా వస్తుంది. కౌలు నోటి మాట మీదే. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం. పంట పోయినా బాకీ పోదు. బ్యాంకు అప్పు పొలం యజమాని పేరున పుడుతుంది. తుపాను వస్తే నష్టపరిహారం పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడి ఖాతాలో పడుతుంది. దున్నినవాడు బంగారం తాకట్టు పెట్టి ఎరువు కొంటాడు. 2011లో కౌలుదారుకు యజమాని సంతకం లేకుండానే గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో తెచ్చిన చట్టం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలంది. సంతకం పెడితే పొలం పోతుందని భయపడే యజమాని దగ్గర కౌలుదారుకు సంతకం దొరుకుతుందా? ఇంత బతికున్న సమస్య కళ్ళ ముందుండగా, సమస్యే లేకనే పార్టీ పోయిందనడం ఎంత అన్యాయం!

కమ్యూనిస్టులు ఏమీ చెయ్యలేదని నేననడం లేదు. కౌలు రైతు సంఘాలు నడుపుతున్నారు, కలెక్టర్ ఆఫీసుల ముందు కూర్చుంటున్నారు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చింది వామపక్షాల వెంట నడిచినవాళ్ళే. నాలుగేళ్ళకు ఉచిత కరెంటు హామీ ఇచ్చి ఓట్లు పట్టుకెళ్ళింది కాంగ్రెస్. 2007 జూలైలో ముదిగొండలో ఇళ్ళ స్థలాల కోసం ఏడుగురు చచ్చిపోయారు. మరి ఇన్ని త్యాగాలు చేసిన పార్టీ ప్రతి ఎన్నికకూ ముందు ఎవరి గుమ్మంలోనో నాలుగు సీట్లు అడుగుతూ ఎందుకు నిలబడాలి? పొత్తులో గెలిచిన సీటు పొత్తు వదిలిన రోజున పోతుందని 1999లోనే చూశారు. 2008 పునర్విభజనలో ఉయ్యూరు, నిడుమోలు నియోజకవర్గాలే మాయమయ్యాయి. ఆ పేర్ల స్థానంలో వచ్చిన పెనమలూరు, పామర్రుల్లో ఇవాళ ఎర్రజెండాకు డిపాజిట్ కూడా కష్టమే. 2014 నుంచి నవ్యాంధ్ర శాసనసభలో కమ్యూనిస్టు ఒక్కరూ లేరు.

కాబట్టి పాత కామ్రేడ్లకు ఒక విజ్ఞప్తి. గోర్బచేవ్‌ను వదిలేయండి. ఆయన 2022లో పోయారు కూడా. సంస్కరణంటే భయపడటం మానండి. మాస్కోలో పార్టీని చంపింది ఆ భయమే. రాష్ట్ర కమిటీల్లో, జిల్లా కమిటీల్లో పై స్థానాల్లోకి కౌలు రైతును, కూలిని, దళితుణ్ణి తీసుకురండి. 2019 చట్టంలోంచి యజమాని సంతకం తీసేయించడానికి ఊరూరా పోరాడండి. మొదట కౌలుకిచ్చిన మీ సొంత పొలాల మీద కౌలుదారుకు సంతకం పెట్టి ఇవ్వండి.